కాచిగూడలో దిగి రాయదుర్గం ఎట్లా పోవాలి?

షాద్‌నగర్_ప్యాసింజర్ · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి రాయదుర్గంలో ఉద్యోగం. ఇల్లు షాద్‌నగర్‌లో. అమ్మ ఒక్కతే ఉంటుంది కాబట్టి ఇప్పట్లో సిటీలో రూమ్ తీసుకునే ఆలోచన లేదు. బస్సులో ఆరాంఘర్ దాకా వచ్చి అక్కడ మారి వెళ్ళడం రెండుసార్లు చేసి చూశాను. రెండుసార్లూ ఇంటికొచ్చేసరికి నడుము నాది కాదనిపించింది.

అందుకే రైలు అనుకుంటున్నాను. కాచిగూడలో దిగుతాను, అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాతే తెలియడం లేదు. మెట్రో మ్యాప్‌ని ఎటు తిప్పి చూసినా కాచిగూడ అన్న పేరే లేదు. అంత పెద్ద స్టేషన్‌కి మెట్రో లేదా, నేనే సరిగ్గా చూడలేదా? రోజూ ఆటో అంటే నా జీతానికి అయ్యే పని కాదు.

ఎఫ్‌ఎల్_లోకల్ · ఆదివారం, రాత్రి 9:58

సరిగ్గానే చూశావు తమ్ముడూ. లేదు.

కానీ ఆటో ఎందుకు? కాచిగూడలో దిగి స్టేషన్ బయటికే రాకు. ఎంఎంటీఎస్ ఉంది కదా, అదే రైల్వేవాళ్ళ లోకల్ రైలు. ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి వెళ్ళే బండి (మేం ఎఫ్‌ఎల్ అంటాం, తిరుగు బండి ఎల్‌ఎఫ్) కాచిగూడ మీదుగానే వెళ్తుంది. విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ, సీతాఫల్‌మండి, సికింద్రాబాద్, జేమ్స్ స్ట్రీట్, సంజీవయ్య పార్క్, బేగంపేట. బేగంపేటలో దిగితే మెట్రో పక్కనే. బ్లూ లైన్ ఎక్కితే ఆఖరి స్టేషనే నీ రాయదుర్గం. నిద్రపోయినా దాటిపోయే భయం లేదు.

పదకొండేళ్ళుగా ఇదే బండి నాది. ఏదైనా అడుగు.

కొత్తపేట_కుర్రోడు · ఆదివారం, రాత్రి 10:05

"ఏదైనా అడుగు" అన్నారు కదా, బండి ఎప్పుడొస్తుందో మాత్రం అడక్కు భాయ్ 😀

ఎఫ్‌ఎల్_లోకల్ · ఆదివారం, రాత్రి 10:11

అది మాత్రం నన్ను కాదు, భగవంతుణ్ణి అడగాలి.

షాద్‌నగర్_ప్యాసింజర్ · ఆదివారం, రాత్రి 10:20

థాంక్స్ అన్నా. హైటెక్ సిటీ అని ఎంఎంటీఎస్‌లోనే ఒక స్టేషన్ ఉంది కదా, నేరుగా అక్కడే దిగితే మెట్రో ఖర్చు కూడా మిగులుతుంది?

ఎఫ్‌ఎల్_లోకల్ · ఆదివారం, రాత్రి 10:31

కొత్తవాళ్ళంతా పడే గుంత ఇదే. ఎంఎంటీఎస్ హైటెక్ సిటీ వేరు, మెట్రో హైటెక్ సిటీ వేరు. పేరు ఒకటే, ఊరు వేరు అనుకో. మధ్యలో నడవదగ్గ దూరం లేదు. అక్కడ దిగితే రాయదుర్గానికి మళ్ళీ బస్సో షేర్ ఆటోనో చూసుకోవాలి. మీ ఆఫీసు క్యాబ్ అక్కడికి వచ్చేట్టయితే సరే, లేకపోతే బేగంపేటే మేలు.

రెండు వ్యవస్థలూ నిజంగా పక్కపక్కన ఉండే చోట్లు గుర్తుపెట్టుకో. మలక్‌పేట, నాంపల్లి, లక్డీకాపూల్, ఖైరతాబాద్, బేగంపేట, భరత్‌నగర్. సికింద్రాబాద్‌లో అయితే ఒకవైపు ఈస్ట్, ఒకవైపు వెస్ట్. మిగతావన్నీ మ్యాప్‌లో దగ్గర, ఎండలో దూరం.

బర్కత్‌పుర_అక్క · సోమవారం, ఉదయం 6:15

పేర్ల గోల వచ్చింది కాబట్టి ఇంకొకటి. కాచిగూడ పక్కన మాకూ ఒక లింగంపల్లి ఉంది. లింగంపల్లి చౌరస్తా. బాగ్‌లింగంపల్లి ఇంకొకటి. మా అత్తగారి తరఫు చుట్టాలు మొదటిసారి వచ్చినప్పుడు కాచిగూడలో దిగి "లింగంపల్లి వెళ్ళాలి" అని ఎవరినో అడిగితే, పాపం ఆయన మంచి మనసుతో ఎంఎంటీఎస్ ఎక్కించి పంపాడు. గంటన్నర తర్వాత ఫోన్. ఊరికి ఆ చివర నిలబడి "మీ ఇల్లు ఎక్కడమ్మా" అంటున్నారు. మా ఇంటికీ కాచిగూడ స్టేషన్‌కీ ఆటోలో పది నిమిషాలు.

రోడ్డుమీద_లెక్కలు · సోమవారం, ఉదయం 8:50

ఒక ప్రశ్న. షాద్‌నగర్ నుంచి రాయదుర్గానికి నగరం మధ్యలోకి రావడం ఎందుకు? శంషాబాద్ దాకా వచ్చి ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుంటే గచ్చిబౌలి దగ్గర తేలుతారు. మీరు చెప్తున్న దారి తూర్పుకి వచ్చి, ఉత్తరానికి ఎక్కి, మళ్ళీ పడమరకి వెళ్ళడం. మూడు వైపులా ప్రదక్షిణ.

షాద్‌నగర్_ప్యాసింజర్ · సోమవారం, ఉదయం 9:02

సొంత కారు ఉంటే అదే చేసేవాణ్ణి సార్. బైక్ మీద రోజూ అంత దూరం అమ్మ ఒప్పుకోదు. ఔటర్ మీద బైకుల్ని రానివ్వరు కూడా.

రోడ్డుమీద_లెక్కలు · సోమవారం, ఉదయం 9:10

అది నిజమే, ఒప్పుకుంటున్నాను. అయితే నా ఓటు ఎఫ్‌ఎల్ గారి దారికి కాదు, మలక్‌పేటకి.

కాచిగూడకి ముందు స్టేషన్ మలక్‌పేట. మీ బండి అక్కడ ఆగితే అక్కడే దిగండి. ఆగకపోతే కాచిగూడలో దిగి, ఫలక్‌నుమా వైపు వెళ్ళే ఎంఎంటీఎస్ ఎక్కి ఒక్క స్టేషన్ వెనక్కి రండి. మలక్‌పేట మెట్రో అక్కడే. రెడ్ లైన్‌లో మియాపూర్ వైపు ఎక్కితే ఎంజీబీఎస్, నాంపల్లి, అసెంబ్లీ, ఖైరతాబాద్ మీదుగా అమీర్‌పేట. అక్కడ బ్లూ లైన్‌కి మారితే రాయదుర్గం. మెట్రో రద్దీ వేళల్లో నాలుగైదు నిమిషాలకి ఒకటి వస్తుంది. ఎంఎంటీఎస్ ఒక్కటి తప్పిపోతే తర్వాతది ఎప్పుడో. ప్రయాణ సమయం ఎంత అన్నది కాదు, ఎదురుచూసే సమయం ఎంత అన్నదే లెక్క.

ఎఫ్‌ఎల్_లోకల్ · సోమవారం, ఉదయం 9:25

ఖర్చు లెక్క కూడా చెప్పండి సార్. ఎంఎంటీఎస్ కనీస టికెట్ 5 రూపాయలు. మెట్రోలో ఇప్పుడు కనీసం 11, గరిష్ఠం 69. మలక్‌పేట నుంచి రాయదుర్గం అంటే పై మెట్ల చార్జీయే పడుతుంది. రానూపోనూ నెలంతా లెక్కేస్తే, బేగంపేట దాకా రైల్లో వెళ్ళి అక్కడి నుంచి మాత్రమే మెట్రో ఎక్కేవాడికి బాగా మిగులుతుంది.

ఇంకోటి. తమ్ముడూ, నువ్వు విడివిడిగా టికెట్లు కొనకు. షాద్‌నగర్ నుంచి బేగంపేటకి ఒకటే నెలవారీ సీజన్ టికెట్ తీసుకో. 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు. ఎంఎంటీఎస్ కూడా రైల్వేదే కాబట్టి అదే చెల్లుతుంది. సూపర్‌ఫాస్ట్ బండి ఎక్కాలంటే మాత్రం అదనపు చార్జీ కట్టాలి, వందే భారత్‌లో అయితే అసలు కుదరదు. టికెట్ మీద "వయా సికింద్రాబాద్" అని ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకో.

రోడ్డుమీద_లెక్కలు · సోమవారం, ఉదయం 9:31

సీజన్ టికెట్ సలహా బాగుంది. మెట్రో కార్డు రైల్లో పనికిరాదు, రైలు పాసు మెట్రోలో పనికిరాదు. ఒకే ఊళ్ళో రెండు జేబులు పెట్టుకు తిరగాలి మనం.

రాత్రి_బండి · సోమవారం, మధ్యాహ్నం 1:15

ఆఫీసు దారులు మీరు చూసుకోండి. నాలాగా తెల్లవారుజామున నాలుగింటికి దిగేవాళ్ళ సంగతేంటి? అప్పటికి మెట్రో లేదు, ఎంఎంటీఎస్ లేదు, సిటీ బస్సు లేదు. బయట నిలబడ్డ ఆటోల్లో ఒకాయన దిల్‌సుఖ్‌నగర్‌కి అడిగిన డబ్బుతో నేను తిరుపతి వెళ్ళిరావచ్చు. యాప్‌లో బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి "లోపలికి రాను, మెయిన్ రోడ్డు మీదికి నడిచి రండి" అన్నాడు. రెండు సూట్‌కేసులు, నిద్రలో ఉన్న పిల్ల.

బర్కత్‌పుర_అక్క · సోమవారం, మధ్యాహ్నం 1:40

చంటిపిల్లలతో అయితే వెలుతురు వచ్చేదాకా వెయిటింగ్ హాల్లో కూర్చోవడమే మంచిది తమ్ముడూ. మేమూ అదే చేస్తాం. తెల్లారాక అదే ఆటోవాళ్ళు మర్యాదగా మాట్లాడతారు.

పగలైతే ఆడవాళ్ళకి నేను చెప్పేది వేరే. 2023 డిసెంబరు 9 నుంచి మాకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. అంతకుముందు విద్యానగర్‌కో సికింద్రాబాద్‌కో పోవాలంటే ఎంఎంటీఎస్ కోసం చూసేదాన్ని. ఇప్పుడు ఏ బస్సు ముందొస్తే అది. సామాను తక్కువుంటే స్టేషన్ నుంచి కాచిగూడ చౌరస్తా దాకా నడుస్తాను, అక్కడ బస్సులకి కరువు లేదు. నడిచేవాళ్ళకి ఇంకో మాట, చౌరస్తా నుంచి బడీచౌడి మీదుగా ముందుకుపోతే సుల్తాన్ బజార్ మెట్రో వస్తుంది. స్టేషన్ నుంచి లెక్కేస్తే ఇరవై నిమిషాలు దాటుతుంది. దీపావళి ముందర అయితే ఆ దారిలో నడవడం కూడా మన చేతుల్లో ఉండదు, జనమే మోసుకుపోతారు.

కొత్తపేట_కుర్రోడు · సోమవారం, మధ్యాహ్నం 2:05

అసలు మెట్రోవాళ్ళకి కాచిగూడ కనబడలేదా? కిలోమీటరున్నర పక్కకి జరిపితే అయిపోయేది కదా. ప్లాన్ వేసినవాడు ఎప్పుడూ రైలెక్కి ఉండడు.

రోడ్డుమీద_లెక్కలు · సోమవారం, మధ్యాహ్నం 2:48

కోపం న్యాయమే కానీ కారణం అది కాదు. మన మెట్రో మొత్తం పైనుంచి వెళ్ళేది. స్తంభాలు రోడ్డు మధ్యలో వేశారు. అంటే వెడల్పాటి రోడ్డు ఎటు పోతే మెట్రో అటు. గ్రీన్ లైన్ ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్, ఎంజీబీఎస్ అని దిగింది. అది పాత బస్సు దారి. జనం అంగళ్ళకీ, కాలేజీలకీ, కోఠికీ తిరిగే దారి. సుల్తాన్ బజార్ దగ్గర దుకాణదారులు ఒప్పుకోక ఎంత గొడవైందో గుర్తుండే ఉంటుంది. మూడు లైన్లలో ఆఖర్న, 2020 ఫిబ్రవరి 7న మొదలైంది ఆ లైనే.

కాచిగూడ స్టేషన్ ఆ రోడ్డు మీద లేదు. లోపలికి ఉంది. అందరూ నాంపల్లితో పోలుస్తారు. నాంపల్లి స్టేషన్ పెద్ద రోడ్డుకి ఆనుకుని ఉంది కాబట్టి రెడ్ లైన్ దాని ముందు నుంచే పోయింది. అదృష్టం అంతే, ప్రేమ కాదు.

ఆ లోపలికి ఎందుకు ఉంది అన్నది చరిత్ర తెలిసినవాళ్ళు చెప్పాలి.

మీటర్‌గేజ్ · సోమవారం, రాత్రి 8:30

పిలిచారు కాబట్టి వచ్చాను.

హైదరాబాద్‌లో రైలుకి రెండు కాపురాలు. మొదటిది బ్రాడ్‌గేజ్. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి వచ్చింది. నాంపల్లి స్టేషన్ 1907లో, మహబూబ్ అలీ ఖాన్ కాలంలో వచ్చింది. రెండో కాపురం మీటర్‌గేజ్. గోదావరి లోయ లైన్ అనేవాళ్ళు, సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్ వైపు మన్మాడ్ దాకా 1900 ప్రాంతంలో వేశారు. పట్టాల మధ్య దూరం ఒక మీటరే. బ్రాడ్‌గేజ్‌లో 1.676 మీటర్లు. ఈ పెట్టె ఆ పట్టా మీదికి ఎక్కదు. కాబట్టి ఆ బళ్ళకి వాటి స్టేషన్లు, యార్డులు వేరుగా కావాలి.

కాచిగూడ ఆ మీటర్‌గేజ్ ఇంటి పెద్ద స్టేషన్. భవనం 1916లో కట్టారు, ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె మీదికి వచ్చిన ఐదేళ్ళకి. షాద్‌నగర్ తమ్ముడూ, నీకో విశేషం. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా గద్వాల వెళ్ళే లైన్ కూడా 1916లోనే. నువ్వు రోజూ రాబోయే దారీ, దిగబోయే భవనమూ ఒకే ఏడాది పిల్లలు.

అప్పుడు ఎదురుచూసింది ఆఫీసుకెళ్ళేవాణ్ణి కాదు. సామానుతో దూరం పోయేవాణ్ణి, వాణ్ణి దింపడానికి వచ్చే టాంగాని. దానికి బజారు మధ్యలో ఇరుకు చోటు కన్నా యార్డుకి స్థలం దొరికే చోటే మేలు. ఆ లెక్కన కాచిగూడ సరైన చోటే ఉంది. మనం వందేళ్ళ తర్వాత వేరే పనికి వాడుతున్నాం.

నింబోలిఅడ్డా_పాతకాపు · సోమవారం, రాత్రి 9:20

టాంగాలు నేను చూశాను బాబూ. మా చిన్నప్పుడు స్టేషన్ ముందు వరసగా నిలబడేవి. గుర్రాల కింద గడ్డి, ఆ వాసన, మీద ఇరానీ హోటల్ చాయ్ వాసన.

మీటర్‌గేజ్ గారు చెప్పినవి నిజం. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ మీటర్‌గేజ్ బండిగా తిరుపతి వెళ్ళేది ఇక్కడి నుంచే. మీనాక్షి ఎక్స్‌ప్రెస్ జైపూర్ వైపు. మా నాన్నగారు పంజాబీ బట్టల వ్యాపారి ఒకాయన్ని ఎక్కించడానికి వెళ్ళేవారు, నేను వేలు పట్టుకుని. పెట్టె చిన్నది, బెంచీ చిన్నది, ఊగడం మాత్రం ఎక్కువ. నిజామాబాద్‌కి వెళ్ళొస్తే రెండు రోజులు నేల ఊగుతున్నట్టే ఉండేది.

కాచిగూడ అన్న పేరు కాఛీలు అనే వాళ్ళ వల్ల వచ్చిందని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ కూరగాయలు పండించేవారట.

కొత్తపేట_కుర్రోడు · సోమవారం, రాత్రి 9:34

నిజాం సొంత డబ్బుతో వేయించాడా రైలు? స్కూల్లో "నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే" అని చదివాం, గ్యారంటీ అంటే వారంటీ కార్డు లాంటిదనుకున్నా.

మీటర్‌గేజ్ · సోమవారం, రాత్రి 9:50

దాదాపు అలాంటిదే 😀 1883లో లండన్‌లో పుట్టిన కంపెనీ అది. పెట్టుబడి పెట్టినవాళ్ళకి లాభం వచ్చినా రాకపోయినా ఇంత వడ్డీ మాది హామీ అని నిజాం ప్రభుత్వం రాసిచ్చింది. రైలు కంపెనీది, భయం ఖజానాది. 1930లో సంస్థానమే కొనేసుకుంది. 1951లో భారతీయ రైల్వేలో కలిసింది, దక్షిణ మధ్య రైల్వే జోన్ 1966 అక్టోబరు 2న వచ్చింది.

స్టేషన్‌లోనే చిన్న రైల్వే మ్యూజియం ఉంది, చాలామంది పక్కనుంచే వెళ్ళిపోతారు. బండి ఆలస్యమైతే చూడండి. అంటే ఏదో ఒకరోజు తప్పకుండా చూస్తారు.

రాత్రి_బండి · సోమవారం, రాత్రి 10:15

గుమ్మటం మీద రంగురంగుల లైట్లు కూడా పెట్టారు ఈ మధ్య. బాగుంది, కాదనను. ఆ లైట్ల వెలుతురులోనే నిలబడి నలభై నిమిషాలు ఆటో బేరం చేశాను.

ఎఫ్‌ఎల్_లోకల్ · మంగళవారం, ఉదయం 7:05

బండిలోంచే రాస్తున్నాను. ఈరోజు పదిహేడు నిమిషాలు లేటు. కారణం ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. ఎంఎంటీఎస్‌కి తన పట్టాలంటూ లేవు. దూరం పోయే బళ్ళతో కలిసి నడవాలి. ఎక్స్‌ప్రెస్ వస్తుంటే లోకల్ పక్కకి తప్పుకోవాలి. సికింద్రాబాద్‌లో పది ప్లాట్‌ఫాంలు, ఊరూవాడా బళ్ళన్నీ అక్కడికే. పైగా స్టేషన్ మొత్తం పడగొట్టి కొత్తగా కడుతున్నారు, 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన అయింది. అందుకే కొన్ని బళ్ళని చర్లపల్లికి, ఇంకొన్నిటిని వేరే స్టేషన్లకి మార్చారు. కాచిగూడ మీద బరువు పెరిగింది.

2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు ఊరికి ఇదే మెట్రో అనుకున్నాం. కరోనాలో ఆపేసి పదిహేను నెలల తర్వాత, 2021 జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ మధ్యలో పోయిన జనం చాలామంది తిరిగి రాలేదు. బైకులు కొనుక్కున్నారు. జనం తగ్గారని బళ్ళు తగ్గిస్తారు, బళ్ళు తగ్గాయని జనం తగ్గుతారు.

బర్కత్‌పుర_అక్క · మంగళవారం, ఉదయం 7:40

2019 గుర్తొస్తుంది నాకు. నవంబరు 11 పొద్దున. కాచిగూడలోనే ఎంఎంటీఎస్, హంద్రీ ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నాయి. మా వీధిలో పిల్లలు కాలేజీకి అదే వేళకి వెళ్తారు, అందరి ఇళ్ళల్లో ఫోన్లు. లోకో పైలట్ క్యాబిన్‌లో గంటల తరబడి ఇరుక్కుపోయాడు. టీవీలో చూస్తూ వీధంతా దండం పెట్టుకున్నాం. తర్వాత ఆస్పత్రిలో పోయాడు, చిన్నవాడు.

ఎఫ్‌ఎల్_లోకల్ · మంగళవారం, ఉదయం 7:52

అవును అక్కా. ఆ రోజు నేను తర్వాతి బండికి వెళ్దామని ఇంట్లో టిఫిన్ తింటున్నాను. ఇప్పటికీ కాచిగూడ యార్డులోకి వచ్చేటప్పుడు బండి నెమ్మదిస్తే ఎవరూ విసుక్కోరు మా పెట్టెలో.

రోడ్డుమీద_లెక్కలు · మంగళవారం, ఉదయం 11:20

ఫిర్యాదు చేసేవాళ్ళకి ఒక చిక్కు చెప్పాలి. కాచిగూడ స్టేషన్ వచ్చేది హైదరాబాద్ డివిజన్ కింద. సికింద్రాబాద్, నాంపల్లి వచ్చేవి సికింద్రాబాద్ డివిజన్ కింద. అంటే "హైదరాబాద్" అని బోర్డు ఉన్న నాంపల్లి స్టేషన్ హైదరాబాద్ డివిజన్‌లో లేదు. ఒక్క ఎఫ్‌ఎల్ బండి రెండు డివిజన్లు దాటుతుంది. ఎక్కడ ఆలస్యమైందో చూసి ఆ డివిజన్‌కి రాయండి, లేకపోతే మీ ఉత్తరం కూడా ఎంఎంటీఎస్ లాగే తిరుగుతుంది.

ఎంఎంటీఎస్ రెండో దశ సంగతీ అంతే. ఖర్చులో రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే అన్నారు. డబ్బు నువ్వివ్వాలంటే నువ్వివ్వాలని ఏళ్ళు గడిచాయి. చివరికి మేడ్చల్, ఉందానగర్ ముక్కలు 2023 ఏప్రిల్‌లో, ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లి వెళ్ళేది 2024 మార్చిలో మొదలయ్యాయి.

షాద్‌నగర్_ప్యాసింజర్ · మంగళవారం, మధ్యాహ్నం 12:10

ఉందానగర్ అంటే మా లైన్‌లోదే! అక్కడే ఎంఎంటీఎస్‌కి మారితే?

ఎఫ్‌ఎల్_లోకల్ · మంగళవారం, మధ్యాహ్నం 12:25

మారొచ్చు, సీటు గ్యారంటీ కూడా, ఖాళీగా బయల్దేరుతుంది కాబట్టి. కానీ అన్ని లోకల్‌లూ అక్కడి దాకా రావు. టైమ్‌టేబుల్ చూసుకుని నీ బండికి సరిపోతేనే. కుదరకపోతే కాచిగూడలోనే మారు. నిలబడ్డా, చాయ్ దొరుకుతుంది.

కొత్తపేట_కుర్రోడు · మంగళవారం, మధ్యాహ్నం 12:31

ఉందానగర్ నుంచి ఎయిర్‌పోర్టు పక్కనే అంటారు కదా, మా అన్న దుబాయ్ నుంచి వస్తున్నాడు, ఎంఎంటీఎస్‌లో తీసుకొద్దామా అనుకుంటున్నా.

బర్కత్‌పుర_అక్క · మంగళవారం, మధ్యాహ్నం 12:40

నాయనా, వద్దు. విమానం దిగినవాణ్ణి మళ్ళీ ఇంకో బండి పట్టుకుని ఉందానగర్‌కి తీసుకొచ్చి, అట్టపెట్టెలతో లోకల్ ఎక్కిస్తావా? మీ వదిన నీతో మాట్లాడదు.

మోడరేటర్ · మంగళవారం, సాయంత్రం 5:00

రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఆటో నంబరు, డ్రైవర్ ఫోన్ నంబరు పెట్టారు. కోపం ఉంటే ఉండొచ్చు, నంబర్లు పెట్టకండి. చర్చ కొనసాగించండి.

రాత్రి_బండి · మంగళవారం, సాయంత్రం 5:22

ఒకటి నాది. సరే, తప్పే.

నింబోలిఅడ్డా_పాతకాపు · మంగళవారం, రాత్రి 8:45

ఊరు మారే బస్సు కోసం వచ్చేవాళ్ళకి ఒక చిట్కా చెప్పనా. ఇమ్లీబన్, అదే ఎంజీబీఎస్ బస్టాండు, కాచిగూడకి దగ్గరే. కానీ చాదర్‌ఘాట్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఎక్కితే మూసీ నీళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. వానాకాలంలో చిన్న వంతెన మూసేస్తే మరీ కష్టం. మా మనవడు నేర్పిన దారి ఇది. కాచిగూడ నుంచి ఎంఎంటీఎస్‌లో మలక్‌పేట, అక్కడ మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే ఎంజీబీఎస్. మెట్రో స్టేషన్ నుంచి బస్టాండులోకి నేరుగా నడక దారి ఉంది. నాకు డెబ్బై దాటాయి, లిఫ్టులు ఉన్నాయి కాబట్టి ఫర్వాలేదు.

లోకల్ పావుగంటలోపు లేదంటే మాత్రం ఆటోయే.

మీటర్‌గేజ్ · మంగళవారం, రాత్రి 9:05

నిజామాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్ళూ గమనించండి. ఆ లైన్‌లో కొన్ని బళ్ళు మల్కాజిగిరి దగ్గర పక్కకి తిరిగి, సికింద్రాబాద్ తగలకుండానే కాచిగూడ వస్తాయి. సికింద్రాబాద్‌లో దిగుదామని నిద్రపోతే కాచిగూడలో లేస్తారు. గుమ్మటం చూడటానికి దేవుడిచ్చిన అవకాశం అనుకోండి.

షాద్‌నగర్_ప్యాసింజర్ · మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 10:30

అందరికీ మళ్ళీ నమస్తే. ఉద్యోగంలో చేరి పన్నెండు రోజులైంది. అడిగి వదిలేశాడు అనుకోకూడదని రాస్తున్నాను.

మొదటి మూడు రోజులు ఎఫ్‌ఎల్ అన్న చెప్పినట్టు కాచిగూడలో మారి బేగంపేట వెళ్ళాను. మొదటి రోజు అద్భుతం, నేను దిగేసరికి లోకల్ వచ్చి నిలబడింది. రెండో రోజు ముప్పై ఐదు నిమిషాలు చూశాను. మూడో రోజు మా బండే లేటు, లోకల్ తోక కనబడింది. నాలుగో రోజు నుంచి పొద్దున మలక్‌పేట దారి పట్టాను. మా బండి అక్కడ ఆగిన రోజు దిగిపోతాను, ఆగని రోజు కాచిగూడ వచ్చి ఏది ముందొస్తే దాన్ని బట్టి. పొద్దున లేటైతే టీమ్ లీడ్ ముందు నిలబడాలి, ఆ టెన్షన్ కన్నా మెట్రో చార్జీ నయం.

సాయంత్రం మాత్రం ఎల్‌ఎఫ్. బేగంపేట నుంచి కాచిగూడ దాకా. తొందర లేదు కదా. సీజన్ టికెట్ షాద్‌నగర్ నుంచి బేగంపేటకి తీసుకున్నాను, వయా సికింద్రాబాద్ రాయించుకున్నాను. కౌంటర్‌లో ఆయన రెండుసార్లు అడిగాడు, ఎందుకు బాబూ అంత తిరుగుడు అని.

నిన్న మా బండి గంట లేటన్నారు. మ్యూజియం వైపు వెళ్దామని లేచాను, మూసేసి ఉంది. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎదురుగా అంతా ఆటోలు, హారన్లు. వెనక్కి తిరిగితే గుమ్మటం మీద లైట్లు నీలం నుంచి ఎరుపుకి మారుతున్నాయి. అమ్మకి ఫొటో పంపితే "ఇది మన కాచిగూడేనా" అంది. పెళ్ళైన కొత్తలో నాన్నతో చిన్న రైలెక్కి ఇక్కడే దిగిందట.

మీటర్‌గేజ్ · శనివారం, రాత్రి 10:44

చిన్న రైలు అంటే మా మీటర్‌గేజే. ఏ సంవత్సరమో అమ్మగారిని అడిగి చెప్పు తమ్ముడూ.

ఎఫ్‌ఎల్_లోకల్ · శనివారం, రాత్రి 10:51

ఎల్‌ఎఫ్‌లో ముందు నుంచి మూడో పెట్టె. తలుపు పక్కన నీలం బ్యాగు నాది. సోమవారం కనబడు, సీటు పట్టి ఉంచుతా.